తాబేలుకు ముప్పై ఒక్క అతుకులు

కోఠీలో ఆ దుకాణం ముందు బస్సు దిగడం అది నాలుగోసారి. అంతకు ముందు మూడుసార్లు లోపలికి వెళ్ళి, మూడు పెట్టెలూ తీయించి, మూతలు విప్పించి, ఏదీ కొనకుండా బయటికి వచ్చాను. మూడోసారి తిరిగి వచ్చేటప్పుడైతే బస్సులో కూర్చోలేక విద్యానగర్ దగ్గరే దిగిపోయి, ఎండలో యూనివర్సిటీ మీదుగా తార్నాక దాకా నడిచాను. అరవై ఏడు మే నెల అది. ఆ నెలంతా నాకు కాలు ఒకచోట నిలవలేదు.

నేను యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేస్తాను. నా భార్య అంజమ్మ కామెర్లతో పోయి అప్పటికి రెండేళ్ళు. మా శివమ్మకు ఆ మే నాటికి ఎనిమిదేళ్ళు. వంట చేయను, జడ వేయను రాని నా దగ్గర పిల్ల ఏముంటుందని మా అత్త బుచ్చవ్వ అప్పుడే దాన్ని జడ్చర్ల దగ్గరి తమ ఊరికి తీసుకుపోయింది. నెలకోసారి వెళ్ళి చూసి వస్తుండేవాణ్ణి. వెళ్ళిన ప్రతిసారీ శివమ్మ తలుపు పక్కన నిలబడి, అడిగినదానికి తల ఊపేది. రెండేళ్ళలో నేను వంట నేర్చుకున్నాను. జడ వేయడం కూడా, కొబ్బరి తాడును కిటికీ ఊచకు కట్టి, నేర్చుకున్నాను. పిల్లను తార్నాకలో బడికి పంపుతానని ఉగాదినాడు అత్తతో అన్నాను.

అత్త చాలాసేపు బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చున్నది. తర్వాత చెప్పింది.

"బడి తెరిచే ముంగట వారం రోజులు తోలిస్త. పిల్ల తన నోటితోని ఉంటనంటె ఉంచుకో. నువ్వు మాత్రం అడగొద్దు వెంకటేశం. నువ్వు అడిగితె నీ మొఖం జూసి ఊఁ అంటది. అన్నంక కూసోని ఏడుస్తది. అది నాకు తెలుసు."

"ఉండనంటే?"

"ఉంట అనకపోయినా సరే, తీస్కొస్తం. మళ్ల గీ ముచ్చట తియ్యకు."

ఒప్పుకున్నాను. అప్పటినుంచే ఈ తిరుగుడు. పొద్దున పని ఉంటుంది. పగలు పక్కింటి వాళ్ళుంటారు. సాయంత్రం అయిదింటికి నేను ఇంటికి వచ్చాక, అన్నం తినే దాకా ఆ రెండు మూడు గంటలు నేనూ ఆ పిల్లా ఎదురెదురుగా కూర్చుని ఏం చేస్తాం? దానికి తల ఊపడం తప్ప మాట లేదు. నాకేమో అడగకూడని ప్రశ్న ఒకటి నోట్లో ఉంటుంది.

జనవరిలో ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళు ఎగ్జిబిషన్ పెట్టారు. అందులో విద్యార్థులు చేసిన ఒక చిన్న యంత్రం టార్చిలైటు వెలుగు ఎటుంటే అటు తిరిగి పాకుతూ వచ్చేది. దాన్ని విడిచి పిల్లలు కదల్లేదు. అలాంటివి ఇంట్లోనే బిగించుకునేలా విడి భాగాలుగా పెట్టెల్లో వస్తున్నాయని, కోఠీలో రేడియో సామాన్లు అమ్మే గుజరాతీ ముసలాయన బొంబాయి నుంచి తెప్పించాడని కాలేజీ వర్క్‌షాపులో పనిచేసే గట్టయ్య చెప్పాడు. శివమ్మతో కలిసి చేయడానికి ఒకటి కొనాలి. అంతవరకు స్పష్టమే. ఏది కొనాలన్న దగ్గరే ఆగిపోయాను.

మూడు రకాలున్నాయి. మొదటిది చేయి. రేకు పట్టీలు, మరలు, దారాలు. దారం లాగితే వేళ్ళు ముడుచుకుని అగ్గిపెట్టెను ఎత్తి పక్కన పెడుతుంది. వైర్లే లేవు. రెండోది మరమనిషి. ముప్పాతిక భాగం తయారుగానే వస్తుంది, నాలుగు మరలు బిగించి కీ ఇస్తే నడుస్తుంది. మూడోది తాబేలు. ముందువైపు రెండు గాజు కళ్ళు, లోపల రెండు చిన్న మోటార్లు, బ్యాటరీలు, వాటన్నిటి మధ్య సన్నటి వైర్లు. వెలుగు పడిన వైపుకు అదే తిరిగి వస్తుంది.

"ఎవరు చేస్తరు సాబ్ దీన్ని?" అన్నాడు ముసలాయన.

"నేనూ, మా పాపా."

"ముందు ఎప్పుడన్నా చేసిన్రా?"

"లేదు."

"అయితే చేయి తీస్కోండి. ఫస్ట్ టైం వాళ్ళకు అదే. తప్పు బిగిస్తే మర విప్పి మళ్ళ బిగించుకోవచ్చు. తాబేలుకు ముప్పై ఒక్క అతుకులు, అన్నీ సోల్డరింగ్. ఒక్కటి తప్పితే కూర్చుంటది, లేవదు."

గట్టయ్యా అదే మాట అన్నాడు. "మొదలువెట్టేటోళ్లకు మరలు ఎక్కువ, వైర్లు తక్కువ ఉండాలె సారు. మీరేమో పుస్తకాల మనిషి."

వాళ్ళిద్దరూ చెప్పింది నాకు అర్థమైంది. అయినా నాలుగోసారి వెళ్ళి తాబేలునే కొన్నాను. వెలుగు చూపిస్తే దగ్గరికి వచ్చేది ఆ మూడింట్లో అదొక్కటే.

పెట్టెలో కరెంటుతో కాలే సన్నటి కడ్డీ, లోపల బంక నింపిన టంకం తీగ ఒక చుట్ట, ఇంగ్లీషులో ఎనిమిది పేజీల కాగితం ఉన్నాయి. శివమ్మ రావడానికి ఇంకా పదిరోజులుంది. కాగితం చదివి భాగాలు సర్దిపెడదామని మాత్రమే కూర్చున్నాను. చదువుతుంటే భయం వేసింది. పిల్ల చూస్తుండగా అతుకు తప్పితే? కూర్చుని లేవకపోతే? వచ్చి ఉండేది ఏడు రోజులే. అందులో నాలుగు రోజులు నా తప్పులు చూడటానికే సరిపోతే? ముందే ఒకసారి చేసి చూసుకుంటే మంచిదనుకున్నాను. చేసి చూసుకోవడం కాస్తా చేసేయడం అయింది.

పదకొండు అతుకులకే టంకం తీగ అయిపోయింది. సగం బల్లమీద, కొంత నా చొక్కామీద పడింది. దుకాణానికి వెళితే, సరుకు వచ్చేవారం వస్తుందన్నాడు. గట్టయ్య కోసం వెళితే చెల్లెలి కూతురి పెళ్ళికి ఊరికి పోయాడు, బుధవారం దాకా రాడు. ఆదివారం శివమ్మ వస్తుంది. పెట్టెను సంచిలో వేసుకుని రెండుసార్లు వీధి చివరిదాకా వెళ్ళి వచ్చాను. మూడోసారి నాకు మదార్ గుర్తొచ్చాడు.

మదార్ వారాసిగూడలో గిన్నెలకు కళాయి పూస్తాడు, ఓటిపోయిన బిందెలకు మాటు వేస్తాడు. మా ఇంట్లో ప్రతి గిన్నె అడుగునా ఆయన చేతి మాటు ఒకటి ఉంది. అతుకు వేయడంలో ఆయనను మించినవాడు ఈ చుట్టుపక్కల లేడు. అంజమ్మ కూడా ఆ మాటే అనేది.

ఆయన తాబేలును తిరగేసి చూసి నవ్వాడు.

"క్యా సాబ్, ఇది బిందెనా, గిలాసా? దీన్ల నీళ్ళు పోస్తరా?"

"నీళ్ళు కాదు, కరెంటు పోతుంది మదార్ భాయ్."

"కరెంటు పోనీ, నీళ్ళు పోనీ, నా మాటు కారదు. కూర్చోండి."

కొలిమిలో రాగి కడ్డీ కాల్చాడు. నవాసాగరం ఉప్పు తునక మీద దాన్ని రుద్దాడు. తెల్లటి పొగ లేచింది. నాకు గంట పట్టే అతుకును ఆయన రెండు క్షణాల్లో వేశాడు. ఇరవై అతుకులు. ఒక్కొక్కటి వెండి చుక్కలా ఉంది. వాటి పక్కన నా పదకొండూ ఎవరో నమిలి ఉమ్మినట్టున్నాయి.

ఇంటికి వచ్చి, కిటికీలు మూసి, బ్యాటరీలు వేసి టార్చి వెలిగించాను. తాబేలు ఒకసారి వణికి, తల తిప్పి, నా వైపు బయలుదేరింది. నేను గదిలో ఏ మూలకు వెళ్ళి టార్చి చూపిస్తే ఆ మూలకు వచ్చింది. వచ్చి నా కాలి బొటనవేలికి తగిలి ఆగింది. రెండేళ్ళ తర్వాత ఆ ఇంట్లో నా దగ్గరికి నడిచి వచ్చింది అదే. దాన్ని పెట్టెలో పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టి, శనివారం దాకా ఎన్నిసార్లు నడిపించానో చెప్పలేను.

శనివారం తొలకరి జల్లు పడింది. గోడలు చెమ్మగిల్లాయి. ఆ వాసనకు నాకు కొంచెం ప్రాణం లేచొచ్చింది.

ఆదివారం కాచిగూడ స్టేషన్‌లో రైలు రావడానికి గంటన్నర ముందే వెళ్ళి నిలబడ్డాను. మా బావమరిది చంద్రయ్య శివమ్మ చేయి పట్టుకుని దిగాడు. పిల్ల భుజాన గుడ్డసంచి. సంచి మూతి గట్టిగా ముడివేసి ఉంది.

"మంచిగున్నవా బావా? ఇగ పట్టు నీ బిడ్డను. వచ్చే ఆయితారం రెండింటి బండికి మళ్ల పోవాలె, తయారు చేసి ఉంచు," అన్నాడు చంద్రయ్య. కాచిగూడలోనే ఏదో పని చూసుకుని, ఆ మధ్యాహ్నం బండికే తిరిగి వెళ్ళిపోయాడు.

సాయంత్రం గది మధ్యలో తాబేలును పెట్టి శివమ్మను పిలిచాను. వచ్చి గుమ్మంలో నిలబడింది. టార్చి వెలిగించాను.

తాబేలు కదల్లేదు.

బ్యాటరీలు మార్చాను. టార్చిలో సెల్లు మార్చాను. దగ్గరగా పెట్టాను. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాను. శివమ్మ కాసేపు నిలబడి, వెళ్ళి తన సంచి పక్కన కూర్చున్నది. సంచి ముడి ఇంకా విప్పలేదు. రేపు వేసుకునే గౌను మాత్రం ఒక పక్క నుంచి లాగి తీసింది.

సోమవారం సెలవు పెట్టి పిల్లను క్యాంపస్‌కు తీసుకెళ్ళాను. లైబ్రరీ చూపించాను, ఆర్ట్స్ కాలేజీ మెట్లు ఎక్కించాను. అన్నిటికీ తల ఊపింది. వచ్చేటప్పుడు దారిలో ఒకే ఒక మాట అడిగింది. "ఆయితారం ఇంక ఎన్ని రోజులున్నది?"

ఆరు అన్నాను.

మంగళవారం నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి పిల్ల కిటికీ దగ్గర కూర్చుని, తాబేలును వెల్లకిలా వేసి ఒళ్ళో పెట్టుకుని చూస్తున్నది.

"నాయినా, దీనికి చిలుము వట్టింది."

నేను పరుగున వెళ్ళి చూశాను. మదార్ అతుకుల అంచున వైర్లు పచ్చగా మారాయి. ఊళ్ళో వాళ్ళ అవ్వ దేవుడి చెంబును చింతపండుతో తోమకపోతే పట్టే చిలుమే అది. ఒక వైరును వేలితో తాకితే పుటుక్కున తెగింది.

బుధవారం పొద్దున్నే తాబేలును సంచిలో వేసుకుని ఇద్దరం ఇంజనీరింగ్ కాలేజీకి నడిచాం. సెలవులు కాబట్టి వర్క్‌షాపులో యంత్రాలకు గుడ్డలు కప్పి ఉన్నాయి. గట్టయ్య పెళ్ళి నుంచి అప్పుడే దిగినట్టున్నాడు, చొక్కా మీద పసుపు మరక ఇంకా ఉంది. తాబేలును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"సారు, నవాసాగరం పెట్టిండ్రా దీనికి?"

"మదార్ పెట్టాడు."

గట్టయ్య నవ్వు ఆపుకోలేక స్టూలు మీద కూర్చున్నాడు. "బిందె ఓటిపోతె మదార్ దగ్గరికి పోవాలె, తాబేలు ఓటిపోతె నా దగ్గరికి రావాలె సారు. నవాసాగరం మంచిగ కడిగితె పోతది. గిన్నెను కడుగుతం, దీన్ని ఎట్ల కడుగుతరు? చెమ్మ తగిలిందంటె సన్నవైరును తినేస్తది. వాన పడ్డది గద మొన్న."

"అన్నీ పోయాయా?"

"అన్నీ కాదు." భూతద్దం పెట్టి చూశాడు. "గీ లడ్డూల తీరు అతుకులు మంచిగనే ఉన్నయి. ఎవరు చేసిండ్రు గివి?"

శివమ్మ నా వైపు చూసింది. నేనేనని చెప్పాను.

"చూడనీకె బాగలేవు గాని, పక్కాగున్నయి. మిగిలిన ఇరవై విప్పాలె. పచ్చగైన కాడికి కోసి, కొత్త కొసలు గీకి, స్పిరిటుతోని తుడిచి మళ్ల వెయ్యాలె. గీడ పెట్టిపోండ్రి, రేపటికల్ల నేనే చేసి ఇస్త."

నాకు ఎంత హాయి అనిపించిందో. రేపటికల్లా. ఇంకా మూడు రోజులు మిగులుతాయి. సంచిలోంచి పెట్టె కూడా తీసి ఇవ్వబోయాను.

"నాయిన చేసినవి మంచిగున్నయి గద," అన్నది శివమ్మ. గట్టయ్యతో అన్నదో నాతో అన్నదో తెలియలేదు. "మరి మిగిలినవి గూడ నాయిన చేస్తె అయితది గద."

గట్టయ్య నన్ను చూశాడు. లోపలికి వెళ్ళి, బంక నింపిన టంకం తీగ రెండు మూరలు, సీసాలో స్పిరిటు తెచ్చి పిల్ల చేతికి ఇచ్చాడు. "పాతది పళ్ళ బ్రష్షు ఉన్నదా ఇంట్ల? దాంతోని తోము. మీ నాయిన చెయ్యి వణుకుతది, వైరు నువ్వు పట్టు."

ఆ సాయంత్రం మొదలుపెట్టాం. నేను ఊరికే లేస్తుండేవాణ్ణి. నీళ్ళు తాగడానికి, కాగితం మళ్ళీ చదవడానికి, కిటికీ తీయడానికి, మూయడానికి. శివమ్మ మాత్రం కూర్చున్నచోటు నుంచి కదిలేది కాదు. వైరు కొసను పట్టకారతో పట్టుకుంటే దాని చేయి బల్లలో పాతినట్టు ఉండేది. అది అంజమ్మ చేయి. సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఆమె ఊపిరి కూడా అలాగే బిగబట్టేది.

"నాయినా, నువ్వు తొందరపడ్తవ్. కడ్డీ కాలనియ్యి."

"కాలింది."

"కాలలే. పొగ వస్తలేదు."

మూడు అతుకులయ్యాక, తల ఎత్తకుండానే అడిగింది. "మరి ఇరవై నువ్వే ఎందుకు చెయ్యలే, ఆ తాతకెందుకు ఇచ్చినవ్?"

"నువ్వొచ్చేసరికి తయారుగా ఉండాలని."

"ఎందుకు?"

"నీ ముందర ఆగిపోతే ఎట్లా అని."

"ఆగిపోయింది గద."

అవునన్నాను. అది చిన్నగా నవ్వింది. నాకు కడ్డీ మళ్ళీ వేడిచేయాలన్న సంగతి గుర్తు లేకుండా పోయింది.

గురువారం దుకాణంలో ఇంకా ఏమేమి ఉన్నాయని అడిగింది. చేయి గురించి, మరమనిషి గురించి చెప్పాను. చేతి గురించి రెండుసార్లు చెప్పించుకుంది. ఏ వేలు ఎలా ముడుచుకుంటుంది, దారం ఎక్కడ నుంచి పోతుంది.

"అందరు అది కొనమంటే నువ్వు ఇదెందుకు తెచ్చినవ్?"

"వెలుగు చూపిస్తే దగ్గరికి వస్తుంది కదా అని."

"లైటు చూపిస్తె పిలిచినట్లా?"

అత్తకు ఇచ్చిన మాట గుర్తొచ్చింది. లేచి వెళ్ళి కుండలో నీళ్ళు ముంచుకుని తాగాను. తిరిగి వచ్చేసరికి శివమ్మ నాలుగో వైరు కొస గీకి సిద్ధంగా పట్టుకుని ఉంది.

శనివారానికి పదకొండు అయ్యాయి. తొమ్మిది మిగిలాయి. ఆ రోజు శివమ్మ తన గౌనులు ఉతికి, ఆరేసి, మడతపెట్టి సంచిలో పెట్టుకుంది. ఎవరూ చెప్పకుండానే సర్దుకునే పిల్ల. నేను బడి దరఖాస్తు కాగితాన్ని లైబ్రరీ నుంచి తెచ్చుకున్న ఒక పుస్తకంలో పెట్టి, ఆ పుస్తకాన్ని అటకమీద పెట్టాను.

ఆదివారం పదకొండింటికి చంద్రయ్య వచ్చాడు. నేను వండిన పప్పు తిని, "నువ్వు చేసిందేనా బావా," అని మళ్ళీ వడ్డించుకున్నాడు. పిల్ల సంచి గోడకు ఆనించి ఉంది, మూతి ముడివేసి. పన్నెండున్నరకు బయలుదేరితే గాని బండి అందదు.

తాబేలును పెట్టెలో సర్దాను. కడ్డీ, టంకం తీగ, స్పిరిటు సీసా, పళ్ళ బ్రష్షు కూడా పెట్టి పెట్టెకు తాడు కట్టాను. బుధవారం నుంచి మేమిద్దరం ఆ బల్ల దగ్గర కూర్చున్న సాయంత్రాలే నాకు మిగిలేవి. వాటిని కట్టి ఇచ్చినట్టు ఉంటుందనుకున్నాను.

"ఇది తీసుకుపో తల్లీ. తొమ్మిదే మిగిలాయి. నీ చేయి నా చేతికన్నా నయం. మామ వైరు పట్టుకుంటాడు."

"నేనా?" అన్నాడు చంద్రయ్య. "నాకు నాగలి వట్టుడు వస్తది గాని, గిదేంది బావా."

శివమ్మ పెట్టెను చూసింది. తాడు ముడి విప్పింది. కడ్డీ బయటికి తీసి, దాని వైరు చివర ఉన్న ప్లగ్గును చంద్రయ్య కళ్ళముందు ఆడించింది.

"మామా, ఊర్ల మనింట్ల కరెంటు ఉన్నదా?"

"కరెంటు యాడిది బిడ్డా. స్తంభాలే వేస్తున్రు ఇంక."

"మరి గిది ఎట్ల కాలుతది?"

చంద్రయ్య నన్ను చూశాడు. నేను కిటికీ వైపు చూశాను. నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వెనక్కి పెట్టుకున్నాను.

"అయితే అది గీడనే ఉండనియ్యి, నువ్వు రా," అన్నాడు చంద్రయ్య మెల్లగా. "దసరాకొచ్చినప్పుడు చేద్దువుగని."

"దసరాదాక నాయిన ఊకుంటడా మామా? ఒక్కడే కూసోని చేసేస్తడు. లేకుంటె మళ్ల మదార్ తాతకిస్తడు." పెట్టెలోంచి ఒక్కొక్కటే తీసి బల్లమీద పెట్టింది, రోజూ పెట్టే చోటనే. "అవ్వకు చెప్పు, తొమ్మిది ఉన్నయని."

"తొమ్మిది అయినంక?"

శివమ్మ ఆలోచించింది.

"అయినంక ఆ చెయ్యి కొంటం. ముందుగాల అదే కొనాల్సి ఉండె. ఈసారి దుకాణంకు నేను గూడ పోత, నాయినకు కొనుడు రాదు." తాడును చుట్టి పక్కన పెట్టి అంది, "గీడనే ఉంట మామా. అవ్వను నెలకొకసారి రమ్మను. ఏడ్వొద్దని చెప్పు."

చంద్రయ్య లేచి చాలాసేపు తువ్వాలు దులుపుకున్నాడు. వెళుతూ గుమ్మం దగ్గర నా భుజం మీద చేయి వేశాడు. "నువ్వు అడగలే గద బావా?"

"అడగలేదు."

"అవ్వ అడుగుతది నన్ను. అందుకు." తను ఒక్కడే కాచిగూడ బస్సు ఎక్కాడు.

నేను తిరిగి వచ్చేసరికి సంచి ముడి విప్పి ఉంది. రెండు గౌనులు కొయ్యకు వేలాడుతున్నాయి. మిగతావి ఇంకా సంచిలోనే ఉన్నాయి. నేను అటు ఎక్కువసేపు చూడలేదు. శివమ్మ కడ్డీని ప్లగ్గులో పెట్టి, పట్టకారతో వైరు పట్టుకుని కూర్చుని ఉంది. నేను నీళ్ళ కుండ వైపు నడవబోయాను.

"నీళ్ళు తర్వాత తాగుదువు. కూసో నాయినా," అన్నది. "పొగ వస్తున్నది."